కార్ల మీట్‌కి బకెట్లు పట్టుకెళ్తే పని దొరుకుతుందా?

బండి సంగతులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అన్నా, నాది విజయనగరం, కంటోన్మెంట్ ఏరియా. వైజాగ్‌లో ఒక డిటైలింగ్ స్టూడియోలో (కార్లని లోపలా బయటా నిశితంగా శుభ్రం చేసి మెరిపించే చోటు) మూడేళ్ళు పనిచేశాను. ఇప్పుడు ఇంటికొచ్చేశాను, ఒక పాత వ్యాన్ కొనుక్కుని తిరుగుతూ సొంతంగా చేసుకుందామని ఉంది. మాకు తెలిసిన కార్ల పిచ్చోళ్ళ గ్రూపు ఒకటుంది, నెలకోసారి ఆదివారం పొద్దున్నే కలుస్తారు, ఒకసారి భోగాపురం దగ్గర హైవే మీద, ఒకసారి చింతపల్లి బీచ్, ఒక్కోసారి కళింగపట్నం దాకా పోతారు. పాతిక ముప్పై బళ్ళు వస్తాయి. అక్కడ డిటైలింగ్ పెడితే నడుస్తుందా? ఏమేం పట్టుకెళ్ళాలి, ఎంత తీసుకోవాలి? పాలిషింగ్, సెరామిక్ కోటింగ్ (పెయింటు మీద వేసే గట్టి రక్షణ పొర) కూడా అక్కడే చేసేయొచ్చా? (ఒక పాఠకుడు, విజయనగరం)

జవాబు: తమ్ముడూ, నడుస్తుంది. కాకపోతే స్టూడియోలో చేసిన పని అక్కడ చెయ్యకూడదు, అక్కడ చెయ్యాల్సిన పని వేరే ఉంది. ఇది నేను తెలుసుకోడానికి నాలుగు ఆదివారాలు పట్టింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు పెద్ద ఫ్లెక్సీ కట్టించాను, ఫుల్ డిటైలింగ్ అని. గంటన్నర ఒక్కడూ రాలేదు. ఆఖరికి నేనే ఒకాయన దగ్గరికెళ్ళి అడిగితే, "ఏటి తమ్ముడూ, రాత్రి పది దాకా కూర్చుని కడిగాను గదా, మళ్ళీ నువ్వేటి కడుగుతావు?" అన్నాడు. నిజమే కదా. మీట్‌కి వచ్చేవాడు మామూలు కస్టమర్ కాదు, తన బండిని తానే కడుక్కునేవాడు, మనకంటే ఎక్కువ ప్రేమగా కడుక్కునేవాడు. అలాంటివాడి దగ్గరికెళ్ళి నీ కారు కడుగుతానంటే నీ కారు మురికిగా ఉందని చెప్పినట్టే.

మరి అతనికి కావలసిందేమిటి? ఇంటి దగ్గర మెరిసిన బండి అరవై డెబ్భై కిలోమీటర్లు వచ్చేసరికి ఎలా ఉంటుందో చూడు. తెల్లవారుజామున మన హైవే మీద చెరువులు, పొలాల పక్కనుంచి వస్తే ముందు బంపరు, నంబరు ప్లేటు, అద్దాల ముందు వైపు అంతా పురుగులు అతుక్కుని ఉంటాయి. పక్కల సన్నటి దుమ్ము. లోపల కాళ్ళ దగ్గర ఇసుక. ఇంకో అరగంటలో గ్రూప్ ఫోటో. ఆ అరగంటలో, ఆ రోడ్డు చేసిన పాడుని తీసిపెట్టేవాడు కావాలి. నాకు తొలి బేరం ఇచ్చినాయన తెల్ల కారు, ముందు భాగం ఒక్కటీ చేసిపెట్టు చాలు అన్నాడు, పావుగంటలో చేశాను, అక్కడే నిలబడి చూసినవాళ్ళలో నలుగురు వెంటనే తాళాలు పట్టుకొచ్చారు. అప్పట్నుంచి ఫ్లెక్సీ తీసేసి అట్టముక్క మీద రాసి పెడుతున్నాను: ముందు భాగం పురుగులు, అద్దాలు 200, బయటంతా 400, పెద్ద బండి 500, లోపల వాక్యూమ్ 300. ఇవి నా రేట్లు, నువ్వు మీవాళ్ళని బట్టి వేసుకో.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, ఇక్కడ కాస్త నిదానంగా చదువు. దుమ్ము పట్టిన బండి మీద పొడి గుడ్డ పెట్టకూడదు. స్ప్రే కొట్టి తుడిచేస్తే మెరుస్తుంది కదా అని చాలామంది క్విక్ డిటైలర్ సీసా పట్టుకుని తిరుగుతుంటారు, కడిగిన బండి మీద వేలిముద్రలు తీయడానికి అది సరిపోతుంది గానీ హైవే దుమ్ముకి కాదు. ఆ దుమ్ములో ఇసుక రేణువు ఉంటుంది, బీచ్ దగ్గరైతే మరీ ఎక్కువ. గుడ్డ కింద అది నలిగితే నీడలో ఏమీ కనపడదు, ఎండలోకి వెళ్ళాక సూర్యుడి చుట్టూ సాలెగూడులా గీతలు. పెయింటు పైన ఉండే పారదర్శక పొర, అదే క్లియర్ కోట్, మామూలుగా 40, 50 మైక్రాన్ల మందం, మన తల వెంట్రుక 70 మైక్రాన్ల దరిదాపు ఉంటుంది. వెంట్రుకంత కూడా లేని పొర మీద నువ్వు పని చేస్తున్నావు, ఆ గీత తీయాలంటే మళ్ళీ ఆ పొరనే కొంత అరగదీయాలి.

అందుకని మీట్‌లో నేను వాడేది రిన్స్‌లెస్ వాష్. బకెట్‌కి కాస్త లిక్విడ్ కలుపుతాం, ఇది దుమ్ముని పట్టుకుని జారేలా చేస్తుంది, తర్వాత నీళ్ళు పోసి కడగక్కర్లేదు. నేను వాడేదానికి ఒక వంతుకి 256 వంతుల నీళ్ళు, అంటే 10 లీటర్లకి 40 ఎంఎల్ దాకా. ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, సీసా మీద చూసి కలుపు, ఎక్కువ పోస్తే బాగా పోతుందనుకోకు, మరకలు కడుతుంది. ముందు అదే నీళ్ళు పంపు స్ప్రేయర్‌తో బండంతా కొట్టి రెండు నిమిషాలు నాననివ్వాలి. తర్వాత బకెట్‌లో నానేసిన మైక్రోఫైబర్ గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, పైనుంచి కిందకి, ఒక్కసారే, బరువు పెట్టకుండా. మడతకో ముఖం, ఒక గుడ్డకి ఎనిమిది ముఖాలు వస్తాయి, ఒక ముఖం వాడాక మళ్ళీ దాన్ని బండికి తగిలించకు. వాడేసిన గుడ్డ బకెట్‌లోకి తిరిగి వెళ్ళకూడదు, ఇది మాత్రం ఒట్టు పెట్టుకో. బండికి ఏడెనిమిది గుడ్డలు పోతాయి, తొమ్మిది బళ్ళు చెయ్యాలంటే డెబ్భై గుడ్డలు కావాలి, చక్రాలకి వేరే రంగువి. నీళ్ళు మాత్రం బండికి ఒక బకెట్. పైపుతో కడిగితే 100 లీటర్లు ఇట్టే అయిపోతాయి, అక్కడ కుళాయి ఎక్కడుంది మరి?

పురుగుల దగ్గర తొందరపడకు. ఎండిపోయిన పురుగుని రుద్దితే దాని రెక్క, కాలు గరుకు కాగితంలా గీస్తాయి. తడి గుడ్డని బంపరు మీద పరిచేసి, అలా మూడు నిమిషాలు వదిలెయ్. ఆ టైంలో అద్దాలు చేసుకో. వెనక్కొచ్చి గుడ్డ ఎత్తితే సగం పురుగులు దానితోనే వచ్చేస్తాయి. మిగిలినవాటికి మళ్ళీ నానబెట్టడమే. పిట్ట రెట్టకి కూడా ఇదే పద్ధతి.

ఒక చేదు సంగతి చెప్తాను. కళింగపట్నం బీచ్‌లో ఒకసారి నా హెల్పర్ చేతిలో గుడ్డ ఇసుకలో పడింది. కుర్రాడు దులిపి మళ్ళీ వాడాడు. నల్ల కారు, డ్రైవరు వైపు డోరు. చేత్తో వంపుగా తుడిచిన చోటల్లా అదే వంపులో గీతలు, లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా. ఓనరు ఒక్క మాట అనలేదు, డోరు మీద వేలు పెట్టి ఆ వంపు వెంబడి అలా పోనిచ్చి నా వైపు చూశాడు, అంతే. ఆ బండి తెచ్చుకుని రెండు రోజులు కూర్చుని డబ్బుల్లేకుండా పాలిష్ చేసి ఇచ్చాను. కుర్రాణ్ణి ఏమీ అనలేదు, కిందపడ్డ గుడ్డ ఏం చెయ్యాలో నేను చెప్పలేదు కాబట్టి. ఇప్పుడు నా దగ్గర ఒక ఎర్ర బకెట్ ఉంటుంది, నేల తగిలిన గుడ్డ ఏదైనా అందులోకే, ఇక ఆ రోజుకి బయటికి రాదు.

స్టూడియో అలవాటు ఒకటి మార్చుకోవాలి. అక్కడ మనం ముందు చక్రాలు చేసేవాళ్ళం కదా. మీట్‌లో చక్రాలు ఆఖర్న. బండి ఇప్పుడే వచ్చి ఆగింది, బ్రేకు డిస్కులు కాలిపోతుంటాయి, వాటి మీద చన్నీళ్ళు పడితే డిస్కు వంకర తిరిగే ప్రమాదం ఉంది. బానెట్ కూడా అంతే, అరచెయ్యి వెనక వైపు పెట్టి చూడు, అట్టే పెట్టి ఉంచలేకపోతే ఇంకా ఆగాలి. అందుకని వెనక నుంచి మొదలెట్టి ముందుకి రా. టైరు డ్రెస్సింగ్ (టైరుని నల్లగా మెరిపించే మందు) పల్చగా రాసి మిగిలింది గుడ్డతో అద్దెయ్, లేకపోతే ఇంటికెళ్ళేసరికి చక్రం తిరిగి ఆ నూనె చుక్కలన్నీ పక్క డోరుకి కొడుతుంది. బైకులు కూడా వస్తాయి, వాటి టైర్లకి మాత్రం ఎవరెంత అడిగినా రాయకు, జారి పడితే ప్రాణం మీదకొస్తుంది.

నీడ విషయం. మనవైపు సరుగుడు తోటలు, జీడి తోటలు ఉన్నాయి కాబట్టి నీడ దొరుకుతుంది గానీ నేరేడు చెట్టు కింద మాత్రం బండి పెట్టించకు, కాయల కాలంలో ఆ రంగు మరకతో పొద్దంతా పోతుంది. సరుగుడు కింద పెడితే ఆ సన్నటి ఆకులు వైపర్ల కింది జాలీలో దూరతాయి, తీసిపెట్టు, డబ్బులడక్కు, ఆ చిన్న పనిని వాళ్ళు చాలా రోజులు గుర్తుపెట్టుకుంటారు. ఒక మడతపెట్టే టెంటు ఉంటే మంచిది. ఎండాకాలం ఎనిమిదిన్నర దాటాక పని ఆపెయ్, కొట్టిన నీళ్ళు నువ్వు తుడిచేలోపే ఆరి చుక్కలు కడతాయి.

నీళ్ళు ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకో. తీరం వైపు బోరు నీళ్ళు చాలా చోట్ల ఉప్పు, వాటితో తుడిస్తే ఆరాక తెల్లటి చుక్కలు మిగుల్తాయి, నల్ల బండి మీద అవి పోవడం గగనం. మన వీధి ప్లాంటులో నింపే 20 లీటర్ల టిన్నులు ఆరు తీసుకెళ్తే చాలు. నీళ్ళలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే టీడీఎస్ మీటరు పెన్ను కొన్ని వందల్లో వస్తుంది, ఒకటి జేబులో పెట్టుకో. వాడిన మురికినీళ్ళు తిరిగి వ్యాన్‌లోకే, ఒక ఖాళీ డ్రమ్ములో. పక్కన పొలం కాలవలోకి పొయ్యకు, బీచ్‌లో అసలే వద్దు.

కోటింగ్ అడిగావు. అక్కడ వద్దు. పాలిష్ కూడా వద్దు. దుమ్ము గాలి వీచే చోట పాలిష్ ప్యాడ్ మీద ఒక్క ఇసుక రేణువు పడితే ఏమవుతుందో నీకు తెలుసు. కోటింగ్‌కి ముందు కడగాలి, ఐరన్ రిమూవర్ (ఇనప రజను తీసే మందు) కొట్టాలి, క్లే (అతుక్కున్న మురికిని లాగే బంకముద్ద) చెయ్యాలి, పాలిష్, ఐపీఏతో (ఒక రకం ఆల్కహాల్) తుడుపు, అప్పుడు కోటింగ్, ఆ తర్వాత తడి తగలకుండా గంటలు గంటలు నిలబెట్టాలి. సముద్రం గాలిలో, పది మంది చుట్టూ తిరుగుతుండగా ఇదయ్యే పని కాదు. ఎవరైనా చేస్తానంటే వాడు ఏదో మైనం రాసి కోటింగ్ అని చెప్తున్నాడని అర్థం.

కానీ ఆ పనులు అక్కడ చూపించొచ్చు. రైల్వే స్టేషన్ దగ్గర రోజూ పార్క్ చేసే తెల్ల కారు ఒకటి మీట్‌లో ఎప్పుడూ ఉంటుంది. దుమ్మంతా తీసేశాక వెనక డోరు మీద కాస్త ఐరన్ రిమూవర్ కొట్టు, ఓనర్నే పక్కన నిలబెట్టుకో. నిమిషంలో తెల్ల డోరు మీద ఊదా రంగు చుక్కలు పూసి కిందకి కారతాయి, పట్టాల దగ్గర ఎగిరే ఇనప రజను పెయింటులో దిగి ఉంటే దాన్ని ఆ మందు పట్టుకుంటుంది. శుభ్రంగా ఉందనుకున్న బండి మీద అది చూసినవాడు, మిగతా బండి సంగతేటి అని తానే అడుగుతాడు. గరివిడి వైపు ఫ్యాక్టరీల దగ్గర తిరిగే బళ్ళ మీద కూడా నాకు ఇది బాగానే కనిపించింది. అప్పుడు డైరీ తీసి ఇంటికొచ్చి చేస్తానని డేటు రాసుకో.

లెక్క చెప్తాను. పొద్దున్న అయిదున్నరకి చేరితే నీకు దొరికేది మూడు గంటలు. ఇద్దరు కలిసి బండికి ఇరవై నిమిషాలు, తొమ్మిది బళ్ళు. సగటున 300 వేస్తే 2,700. హెల్పర్‌కి 700, డీజిల్‌కి 500, మందులు, గుడ్డల అరుగుదల, ఉతుకుడికి 300 తీసేస్తే చేతిలో 1,200. నెలకి ఒక మీట్‌తో ఇల్లు గడవదు. ఆ డైరీలో రాసుకున్న మూడు నాలుగు పాలిష్ పనులు, వాళ్ళు తమ అపార్ట్‌మెంట్‌లో చెప్పగా వచ్చే పనులు, అవే నీ జీతం. మీట్‌లో నిలబడి చేసే పనిని నలుగురు చూస్తారు, అందుకే మెల్లగా చెయ్యి, శుభ్రంగా చెయ్యి.

ఇంకో నాలుగు మాటలు. మీట్ పెట్టేవాళ్ళని ముందే అడుగు, వ్యాన్ ఎక్కడ పెట్టాలో వాళ్ళే చెప్తారు, ఫోటోల్లో నీ బకెట్లు పడటం ఎవరికీ ఇష్టం ఉండదు. జనరేటర్ తేవద్దు, ఇంజిను శబ్దం వినడానికి వచ్చిన వాళ్ళ మధ్య అదొక గోల, బ్యాటరీ వాక్యూమ్ సరిపోతుంది. పని మొదలెట్టే ముందు ఉన్న గీతలు ఓనరుకి చూపించి మరీ బండి చుట్టూ ఒక వీడియో తియ్యి. ఉంగరం, కడియం, వాచీ, బెల్టు బకిల్, అన్నీ తీసి వ్యాన్‌లో పెట్టాకే బండి దగ్గరికి వెళ్ళు.

ప్రశ్న: మాది శ్రీకాకుళం. నాన్నగారి అంబాసిడర్, ముదురు ఎరుపు, 1989 మోడల్. మొన్న పాత కార్ల వాళ్ళు అరసవల్లి దగ్గర కలిస్తే తీసుకెళ్ళాను, అక్కడ ఒక కుర్రాడు పాలిష్ రాసి తుడుస్తుంటే తెల్ల గుడ్డంతా ఎర్రగా అయిపోయింది. వెంటనే ఆపించాను. పెయింటు పోయిందా? చాలా దిగులుగా ఉంది. (ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, దిగులు పడకండి, పోలేదు. ఆ రోజుల్లో చాలా బళ్ళకి క్లియర్ కోట్ ఉండేది కాదు, రంగే పై పొర. ఏళ్ళ తరబడి ఎండకి ఆ పైపొర చచ్చి పొడిలా అవుతుంది, పాలిష్ రాస్తే ఆ పొడే గుడ్డకి అంటుకుంటుంది, దాని కింద బతికున్న ఎరుపు ఉంటుంది. కాబట్టి రంగు రావడం తప్పు కాదు. ఆ కుర్రాడి తప్పల్లా మీకు ముందే చెప్పకపోవడం, ఎవరూ చూడని మూల కాస్త రుద్ది చూపించి, అమ్మా ఇలా వస్తుంది, చెయ్యనా అని అడగాల్సింది.

చేతితోనే చేయించండి, మిషన్ వద్దు. అంచులు, బానెట్ మధ్య గీత, మడ్‌గార్డు వంపులు, ఇక్కడ పెయింటు పల్చగా ఉంటుంది, అక్కడ అసలు రుద్దనివ్వకండి. పని అయ్యాక మైనం పెట్టిస్తే ఆ ఎరుపు కొన్నాళ్ళు నిలుస్తుంది. మధ్యలో ఎప్పుడైనా మళ్ళీ పెయింటు వేయించి ఉంటే పైన క్లియర్ కోట్ ఉండొచ్చు, అప్పుడు గుడ్డకి రంగు రాదు, మీకు వచ్చింది కాబట్టి లేనట్టే.

ప్రెషర్ వాషర్ పెట్టనివ్వకండి. ఆ వయసు బండికి అద్దాల బీడింగ్ ఎండిపోయి ఉంటుంది, నీళ్ళు లోపలికి దిగి కార్పెట్ కింద నిలిచి రేకు తుప్పు పడుతుంది. పెట్రోలు బండైతే డిస్ట్రిబ్యూటర్‌కి (ప్లగ్గులకి కరెంటు పంచే భాగం) తడి తగిలి అక్కడే నిలబడిపోతుంది. బంపరు క్రోమ్ మీద తుప్పు చుక్కలకి వంటింట్లో చపాతీలు చుట్టే అల్యూమినియం కాగితం చిన్న ఉండ చేసి నీళ్ళలో ముంచి మెల్లగా రుద్దండి, మీ చేత్తో మీరే చెయ్యొచ్చు. హిందుస్తాన్ మోటార్స్ ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలోనే ఆగిపోయింది, కాబట్టి మీ బండి మీద ఉన్న ప్రతి అసలు భాగాన్నీ మార్చేముందు బాగుచెయ్యడానికే చూడండి. నాన్నగారు వాడిన బండి అన్నారు, ఆ స్టీరింగ్ మీద అరిగిన చోటు పాలిష్ చేయించకండి, నా మాట వినండి, అది అలాగే ఉండనివ్వండి.

ప్రశ్న: పలాస నుంచి రాస్తున్నాను. మా తమ్ముడు ఇలాంటి మొబైల్ డిటైలింగ్ పెడతానని 3 లక్షలు అప్పు తీసుకుంటానంటున్నాడు. తీసుకోనివ్వాలా వద్దా? (ఒక అక్క)

జవాబు: చెల్లెమ్మా, పని నేర్చుకున్నాడా లేదా అన్నది రాయలేదు మీరు. నేర్చుకోకపోతే ఒక్క రూపాయి కూడా వద్దు, ముందు ఎక్కడైనా ఆరునెలలు చెయ్యమనండి. నేర్చుకున్నవాడైతే కస్టమర్ బండి ఉన్నచోటికే వెళ్ళి చేసే పని మొదలెట్టడానికి 50 వేలలోపే సరిపోతుంది, ముద్రా లోన్‌లో శిశు అనే కేటగిరీ 50 వేల దాకా ఇస్తారు, తనఖా అడగరు. ఆ పైన 5 లక్షల దాకా కిశోర్. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి ఎవరికీ డబ్బులివ్వకండి. సేవలకి ఏడాదికి 20 లక్షల ఆదాయం దాటే వరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ గొడవ కూడా మామూలుగా ఉండదు. 3 లక్షల్లో ఎక్కువ భాగం వ్యాన్‌కీ, దాని మీద స్టిక్కర్లకీ పోతుంది, అది రెండో ఏడాది మాట.

దసరాకి నెల ముందు మొదలెట్టమనండి. ఆయుధ పూజకి బండి కడిగించుకోని ఇల్లుండదు, పూజయ్యాక పసుపు మరకలు తీయించుకోడానికి మళ్ళీ వస్తారు. ఆ మరకని రుద్దొద్దని చెప్పండి, తడి గుడ్డతో పైపైన తీసి బండి నాలుగు రోజులు ఎండలో పెడితే పసుపు దానంతటదే వెలిసిపోతుంది. ఇంకో పని చెయ్యండి, ఈ ఆదివారం మీ ఇంట్లో ఉన్న బండే కడగమనండి, మీరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి, గుడ్డ కింద పడితే ఏం చేస్తాడో చూసి నాకు మళ్ళీ రాయండి.